కీచుమనే బ్రేకులతో శ్రీశైలం దాకా: మైపాడు, ఆటోనగర్, దోర్నాల ఘాట్ రోడ్డు

స్పోర్ట్స్ కారు నడిపితే జనం ఇంజన్ సౌండుకి తల తిప్పి చూస్తారంటారు. నెల్లూరు ట్రంకు రోడ్డులో మాత్రం నా బ్రేకుల కీచుకి చూసేవాళ్ళు. "అంత డబ్బు పోసి కొన్నావు, బ్రేకులు బాగు చేయించుకోలేవా బావా?" అని మా బామ్మర్ది ఒకటే పోరు. కారు పదేళ్ళు దాటిన జర్మన్ టూ సీటర్, నేను కొన్నది సెకండ్ హ్యాండులో. మైపాడులో ఒక రాత్రి ఉండి, ఆటోనగర్‌లో పని చేయించుకుని, ఒంగోలు, మార్కాపురం మీదుగా శ్రీశైలం వెళ్ళి, కనిగిరి, ఉదయగిరి వైపు నుంచి తిరిగొచ్చాం. గుడుల గురించీ బీచ్‌ల గురించీ రాసేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. నేను రోడ్లు, షెడ్లు, బసలు ఎలా ఉన్నాయో బ్రేకుల లెక్కలోనే చెబుతాను. ఒక మాట ముందే అనుకుందాం. బ్రేకు కీచుమనడం వేరు, కారు ఆగడం వేరు. ఈ రెండూ ఒకటేనని నమ్మించి పెద్ద బిల్లు వేసే చోట్లు చాలానే ఉన్నాయి.

మైపాడు నెల్లూరుకి పాతిక కిలోమీటర్ల లోపే. బీచ్ పక్కన గది శుభ్రంగా ఉంది, చేపల పులుసు బాగుంది, పార్కింగ్ మాత్రం ఆరుబయట. తెల్లారి చూస్తే నాలుగు డిస్కుల మీదా, అంటే చక్రంతో పాటు తిరిగే బ్రేకు పళ్ళేల మీదా, లేత నారింజ రంగు పొర. డిస్కు పోత ఇనుము కదా, ఉప్పు గాలికి ఒక్క రాత్రిలో తుప్పు పట్టేస్తుంది. మొదటి నాలుగైదు బ్రేకులకు గరగరమని, ఊళ్ళోకి వచ్చేలోపు అదే పోతుంది. దానికి టెన్షన్ అక్కర్లేదు. పోకుండా మిగిలే తుప్పే అసలు గొడవ. డిస్కు అంచున గట్టులా పేరుకునేది ఒకటి, డిస్కును నొక్కి ఆపే ప్యాడు చెవులు, అంటే దాని రెండు కొసలు, కూర్చునే గాడిలో పట్టేది ఇంకొకటి. ఆ గాడిలో ప్యాడు బిగుసుకుంటే వెనక్కి రాదు, డిస్కును ఎప్పుడూ రాస్తూనే ఉంటుంది. ఒక రాత్రికి మైపాడు భేషుగ్గా ఉంటుంది. నెల తరబడి కారు అక్కడే పెట్టి ఊరెళ్ళే ఆలోచన ఉంటే మాత్రం వద్దంటాను.

నెల్లూరులో ముందు బైపాస్ పక్కన ఏసీ వెయిటింగ్ రూం ఉన్న ఒక గ్యారేజీకి వెళ్ళాం. కాఫీ ఇచ్చారు, కూర్చోబెట్టారు, చక్రం మాత్రం ఊడదీయలేదు. నాలుగు డిస్కులూ ప్యాడ్లూ మార్చాలనీ, ఎలాగూ మారుస్తున్నాం కాబట్టి చిల్లులున్న డిస్కులు వేసుకుంటే లుక్కు అదిరిపోతుందనీ చెప్పి, లక్ష దాటిన ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. చిల్లుల డిస్కు చూడ్డానికి బాగుంటుంది, కాదనను. కానీ బాగా వేడెక్కి చల్లారుతూ ఉంటే ఆ చిల్లుల చుట్టూనే నెర్రెలు వస్తాయి. పైగా కీచు తగ్గడానికి దానికీ ఏ సంబంధమూ లేదు.

తర్వాత ఆటోనగర్. రేకుల షెడ్డు, కూర్చోడానికి బోర్లించిన డబ్బా. మేస్త్రీకి అరవై దగ్గర పడి ఉంటాయి. కారు అటూ ఇటూ నడిపి చూసి, "సౌండ్ వస్తా ఉందంటే ప్యాడు పట్టుకుంటా ఉండాదనే అబ్బయా. సౌండ్ రాకుండా పెడల్ లోపలికి పోతే అప్పుడు భయపడాల" అన్నాడు. నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది అక్కడే. ఆ తర్వాత ఆయన సంచిలోంచి తీసిన 7 మిల్లీమీటర్ల అలెన్ కీ చూశాక ఇంకాస్త పెరిగింది. ప్యాడ్లను డిస్కుకు నొక్కే క్యాలిపర్‌ను పట్టి ఉంచే గైడు బోల్టులకు మా కారులో పట్టేది అదే సైజు. మామూలు సెట్లలో 6 తర్వాత 8 ఉంటుంది, 7 చాలా వాటిలో ఉండదు. అది లేనివాళ్ళు 6కి గుడ్డ చుట్టి తిప్పి బోల్టు తల అరగదీస్తారు.

ఈ కీచు ఎందుకొస్తుందంటే, ప్యాడు డిస్కును ఒకే తీరుగా రాయదు. పట్టి వదిలి, పట్టి వదిలి, సెకనుకు వేలసార్లు అదురుతుంది. ఆ అదురే మన చెవికి కీచు. మార్కాపురం పలక మీద బలపాన్ని నిలువుగా పట్టి గీస్తే కీచుమంటుంది, కాస్త వాల్చి గీస్తే ఊరుకుంటుంది కదా, ఇదీ అంతే. అందుకే మేస్త్రీ ప్యాడు రెండు అంచులనూ ఆకురాయితో ఏటవాలుగా చెక్కాడు. కొన్ని షెడ్లలో ప్యాడు మధ్యలో రంపంతో గాడి కొట్టి పంపిస్తారు. దాంతో కొన్నాళ్ళు సద్దుమణుగుతుంది గానీ, వంకరగా కొడితే ప్యాడు ఒక పక్కకే అరుగుతుంది.

ఆ పూటంతా అక్కడే కూర్చుని చూశాను. ప్యాడు ముఖం గాజులా మెరుస్తోంది. ఊళ్ళో మెల్లమెల్లగా తొక్కుతూ నడిపే కార్లకు వచ్చే జబ్బే అది. ఎమరీ పేపరుతో ఆ మెరుపు పోయేదాకా గీశాడు. అదురు తగ్గించడానికి ప్యాడు వెనక ఉండాల్సిన పల్చటి షిమ్ రేకు ఒక చక్రంలో అసలు లేనే లేదు, ముందెవరో ప్యాడ్లు మార్చినప్పుడు పారేసినట్టున్నారు. కొత్తది చెన్నై నుంచి బస్సు పార్శిల్‌లో తెప్పించాడు. గాడిలో తుప్పు వైర్ బ్రష్‌తో తోమి, ప్యాడు చెవులకూ వెనక రేకుకూ మాత్రం వేడికి తట్టుకునే బ్రేకు గ్రీజు వేలితో గీత గీసినంత రాశాడు. మా కారు గైడు బోల్టులు రబ్బరు బుషుల్లో జారుతాయి కాబట్టి వాటిని తుడిచి పొడిగానే బిగించాడు. చాలా కార్లకు అక్కడ సిలికాన్ గ్రీజు పెట్టాలి, ఈ రకానికి పెట్టకూడదు. ఆ తేడా అడక్కుండానే చెప్పే మనిషి దొరికితే వదులుకోవద్దు. డిస్కు మందం వెర్నియర్ కొలబద్దతో కొలిచి, డిస్కు మీదే పోసి ఉన్న కనీస మందం అంకెతో సరిచూసి, "ఇంకా కండ ఉండాది, టర్నింగ్ కూడా అక్కర్లా" అన్నాడు, అంటే డిస్కును లేతు మీద చెక్కి నునుపు చేసే పని కూడా లేదని.

బ్రేకు ఆయిల్ మాత్రం టీ డికాక్షన్ రంగులో ఉంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టినదానికి ఆ హద్దు 155 డిగ్రీలే. మన కోస్తా తేమలో రెండేళ్ళకోసారి మార్చి తీరాలి. డాట్ 5.1 పోయవచ్చు, దాని హద్దులు 260, 180. పేరు చూసి పొరపడి డాట్ 5 మాత్రం పోయకూడదు, అది సిలికాన్ ఆయిల్, పాతదానితో కలవదు.

ఇంత పనికీ ఆయన తీసుకున్నది బైపాస్ గ్యారేజీ ఎస్టిమేట్‌లో పదో వంతు కూడా కాదు. లోటు ఏమిటంటే బిల్లు ఉండదు, చెప్పిన టైముకి పని అవదు, బాత్రూం సంగతి అడక్కండి.

నెల్లూరు నుంచి ఒంగోలు హైవే గురించి చెప్పేదేం లేదు, నున్నగా ఉంది. ఒంగోల్లో భోజనం మామూలుగా ఉంది, అల్లూరయ్య మైసూరు పాకు మాత్రం ఎప్పట్లాగే నోట్లో కరిగింది. చీమకుర్తి దగ్గర గ్రానైటు దిమ్మెల లారీల వెనక చిక్కుకున్నాం. రోడ్డంతా రాతి పొడి, చిన్న చిన్న పెళ్ళలు. దాటి కొంచెం దూరం పోయామో లేదో, ముందు ఎడమ చక్రంలోంచి ఇనుము చీల్చుతున్నట్టు మోత. బ్రేకు తొక్కినా తొక్కకపోయినా అదే మోత. బ్రేకు తొక్కకపోయినా వస్తోందంటే ప్యాడు కీచు కాదని అర్థం. డిస్కుకూ దాని వెనక రేకుకూ మధ్య గులకరాయి ఇరుక్కుంటే ఇట్లాగే ఉంటుంది. రోడ్డు పక్క పంక్చర్ షాపు కుర్రాడు చక్రం విప్పి, స్క్రూడ్రైవరుతో రేకు కొంచెం వంచి, శనగ బద్దంత రాయి తీసి చేతిలో పెట్టాడు. యాభై రూపాయలు అడిగాడు, వంద ఇచ్చాం. ఈ ప్రయాణం మొత్తంలో డబ్బుకి తగ్గ సర్వీసు ఎవరిదంటే ఆ కుర్రాడిదే.

పని చేసిన ప్యాడ్లను డిస్కుకు పట్టించాలి కదా, దానికి హైవే పనికిరాదు, వెనక లారీ ఉంటే ప్రాణం మీదికొస్తుంది. పొదిలి దాటాక రోడ్డు ఖాళీగా దొరికింది. గంటకు 80 కిలోమీటర్ల వేగం నుంచి 20కి గట్టిగా తగ్గించడం, పూర్తిగా ఆపకుండా మళ్ళీ ఎక్కించడం. ఏడెనిమిది సార్లయ్యాక కాలిన వాసన వచ్చింది, వస్తుంది కూడా. ఆ తర్వాత పది, పదిహేను నిమిషాలు బ్రేకు జోలికి పోకుండా నడిపి చల్లార్చాలి. వేడి మీద కారు ఆపి పెడల్ తొక్కి పట్టుకుంటే, ప్యాడు పదార్థం డిస్కు మీద ఒకేచోట అచ్చు పడుతుంది. ఆ తర్వాత ప్రతి బ్రేకుకీ స్టీరింగు వణుకుతుంది. చాలామంది డిస్కు వంగింది అనుకునేది చాలాసార్లు ఈ అచ్చే.

మార్కాపురంలో మొదట చూసిన లాడ్జికి సెల్లార్ పార్కింగ్ ఉంది. దాని వాలు చూడగానే కారు ముందు బంపర్ కింది పెదవి రాలిపోవడం ఖాయమనిపించి వెనుదిరిగాం. రెండోదానికి పాత కాలపు వాకిలి, గేటు దగ్గర రాత్రంతా వాచ్‌మన్. గదిలో దోమలు, వేడినీళ్ళు బకెట్‌తో తెచ్చిస్తారు. ఎత్తు తక్కువ కారుతో వెళ్ళేవాళ్ళు రెండోదాని లాంటిదే వెతుక్కోండి, దోమలకు కాయిల్ ఉంది గదా.

పొద్దున్నే దోర్నాల. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా అడవిలోకి బండ్లను వదలరు, పులుల అభయారణ్యం కాబట్టి. ఎక్కేటప్పుడు బ్రేకులకు పనే లేదు, స్పీడ్ బ్రేకర్ల దగ్గర అడుగుభాగం గీసుకోకుండా ఐమూలగా ఎక్కించుకోవడమే పని. శ్రీశైలంలో దర్శనం బాగా జరిగింది. దేవస్థానం గది ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవడం మంచిదైంది. పార్కింగ్‌లో జనం కారుకు ఆనుకుని ఫొటోలు దిగుతారు, అది భరించాలి.

దిగేటప్పుడే అసలు పరీక్ష. లెక్క వేస్తే, వంద మీటర్ల ఎత్తు దిగితే పుట్టే శక్తి గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి రెండున్నర సార్లు పూర్తిగా ఆగినంత. కారు బరువెంతైనా ఈ లెక్క మారదు. ఇంజనూ గాలీ కొంత మింగుతాయి, మిగతాదంతా డిస్కుల మీదే. కాబట్టి గేరు తగ్గించి, వంపుకి ముందు ఒకసారి గట్టిగా తొక్కి వదిలేయాలి. కాలు పెడల్ మీదే పెట్టి మెత్తగా రాస్తూ దిగితే ప్యాడు కాలిపోతుంది. పెడల్ గట్టిగానే ఉండి కారు ఆగకపోతే ప్యాడు చేతులెత్తేసిందని, పెడల్ మెత్తబడి లోపలికి పోతుంటే ఆయిల్ మరిగిందని గుర్తు. మాకు ఆ రెండూ రాలేదు. అయితే బాగా వేడెక్కాక ఒక వంపులో సన్నటి కీచు వచ్చింది, పట్టు మాత్రం పొద్దుటికన్నా ఎక్కువే ఉంది. రేసింగ్ ప్యాడ్లయితే ఇంకా ఎక్కువ వేడిలోనూ పట్టు వదలవు. కానీ చల్లగా ఉన్నప్పుడు కరవవు, ఊళ్ళో రోజంతా అరుస్తాయి. వారానికోసారి ట్రాకుకి వెళ్ళేవాళ్ళు తప్ప వాటి జోలికి పోనక్కర్లేదు. సిరామిక్ ప్యాడ్లు ఊళ్ళో నిశ్శబ్దంగా ఉంటాయి, చక్రాల మీద నల్ల పొడి తక్కువ. రోజూ నెల్లూరులో దర్గామిట్ట, వేదాయపాళెం తిరిగే కారుకి అవే చాలు.

తిరుగు దారిలో పామూరు దాటాక గేదెల మంద అడ్డంగా వచ్చింది. పూర్తి బలంతో తొక్కాను. పెడల్ కాలికింద టకటకమని కొట్టుకుంది, చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పని చేస్తోందన్నమాట. కారు నిలబడింది గానీ మరీ దగ్గరకెళ్ళి నిలబడింది. ఏబీఎస్ లేచిందంటే చక్రాన్ని పట్టి ఆపేంత బలం బ్రేకులకు ఉన్నట్టే. అక్కడి నుంచి ఎంత దూరంలో ఆగుతుందో చెప్పేది టైరు. పెద్ద డిస్కులు, ఆరు పిస్టన్ల క్యాలిపర్లు వేయించినా వేడి తట్టుకోవడంలో లాభం తప్ప, ఆ ఒక్క బ్రేకుకి దూరం తగ్గదు.

ఉదయగిరిలో టీకి ఆగి, చెక్క గరిటెలు, స్పూన్లు కొన్నాం. నున్నగా ఉన్నాయి, బేరం పెద్దగా లేదు. దుర్గం ఎక్కడానికి ఎండ ఒప్పుకోలేదు. నీడలో వంగి టైరు పక్కన పోసిన నాలుగంకెల తేదీ చదివాను. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. గాళ్ళు ఇంకా లోతుగానే ఉన్నాయి, కానీ టైర్లకు ఏడేళ్ళు నిండాయి, రబ్బరు గోటికి దిగనంత గట్టిపడింది. బైపాస్ గ్యారేజీ ఎస్టిమేట్‌తో పోలిస్తే ఆటోనగర్‌లో మిగిలిన డబ్బు నెల్లూరు చేరాక నాలుగు టైర్లకు పోయింది. పొద్దున్నే రివర్సులో తీసేటప్పుడు బ్రేకు ఇప్పటికీ ఒకసారి కీచుమంటుంది, దాన్ని అలాగే వదిలేశాను.