పెట్టుబడి ప్రాథమికాంశాలు నేర్పే ఆన్‌లైన్ కోర్సు: సమీక్ష

పొదుపు చేయడం తెలిసినా ఆ డబ్బును ఎక్కడ, ఎంతకాలం ఉంచాలో తెలియని వారి కోసం రూపొందించిన ఈ కోర్సు, షేర్ల పేర్లు చెప్పి ఆశ పెట్టకుండా, ముందుగా అత్యవసర నిధి సమకూర్చుకోవడం, అధిక వడ్డీ అప్పులు తీర్చడం గురించి మాట్లాడుతుంది. ఈ వరుస నాకెంతో నచ్చింది.

చక్రవడ్డీ పాఠమే దీనికి ప్రాణం. 72ను వార్షిక రాబడి శాతంతో భాగిస్తే సొమ్ము సుమారు ఎన్నేళ్లలో రెట్టింపవుతుందో తెలుస్తుందని, అంటే 8 శాతం మీద 9 ఏళ్లు పడుతుందని చెప్పి ఊరుకోకుండా, రుసుముల లెక్కను కూడా నేర్చుకునేవారి చేతనే చేయిస్తారు. ఏటా 8 శాతం రాబడితో 30 ఏళ్లలో దాదాపు 10 రెట్లయ్యే సొమ్ము, ఫండ్ నిర్వహణ రుసుముల కింద ఏటా 1 శాతం పోతే 7.6 రెట్ల దగ్గరే ఆగిపోతుంది. అంత చిన్న అంకె దాదాపు నాలుగో వంతు సంపదను హరిస్తుందని స్వయంగా లెక్కించి చూశాక, 1976లో వాన్‌గార్డ్ సంస్థ స్థాపకుడు జాన్ బోగల్ సాధారణ మదుపరుల కోసం ప్రారంభించిన తొలి ఇండెక్స్ ఫండ్ (మార్కెట్ సూచీలోని షేర్లనే కొని, తక్కువ రుసుముతో నడిచే నిధి) పాఠం సులువుగా మనసుకెక్కుతుంది.

బాండ్ల (ప్రభుత్వానికో కంపెనీకో అప్పిచ్చి వడ్డీ పొందే పత్రాల) భాగం మాత్రం పలచగా ఉంది. వడ్డీ రేట్లు పెరిగితే పాత బాండ్ల ధర ఎందుకు తగ్గుతుందో రెండు వాక్యాల్లో తేల్చేయడం సరికాదు, ఎందుకంటే కొత్తవారు భద్రత కోసం వెళ్లేది అక్కడికే. పట్టికలు ఫోన్ తెరపై సరిగా కనిపించవు కనుక కంప్యూటర్‌లో చూడటం మేలు.