మిసావా, కవాదా: 1994 సింగిల్సా, 1995 ట్యాగ్ మ్యాచా? ముందు ఏది చూడాలి?

జపాన్ రెజ్లింగ్ పేరెత్తితే చాలు, మనవాళ్లు అడిగేది ఒక్కటే: "అన్నీ చూసే ఓపిక లేదు, ఒక్క మ్యాచ్ చెప్పు." చిన్నప్పుడు డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ట్రంప్ కార్డులతో ఆడుకున్నవాళ్లే వీళ్లలో ఎక్కువ. గెలుపోటములు ముందే రాసుకుంటారని వాళ్లకి తెలుసు. దాని మీద వాదన పెట్టను.

చాలాకాలం నా జవాబు 1994 జూన్ 3. మిసావా మిత్సుహారు, కవాదా తోషియాకి. టోక్యోలోని నిప్పాన్ బుడోకాన్‌లో, జైంట్ బాబా స్థాపించిన ఆల్ జపాన్ అనే రెజ్లింగ్ సంస్థలో, దాని అతిపెద్ద టైటిల్ ట్రిపుల్ క్రౌన్ కోసం దాదాపు 36 నిమిషాలు. ప్రపంచంలో ఇదే గొప్ప మ్యాచ్ అనేవాళ్లు ఇప్పటికీ చాలామంది. పోయిన సంక్రాంతికి మా బావమరిదిని పక్కన కూర్చోబెట్టుకుని ఇదే పెట్టాను. పన్నెండో నిమిషానికి ఫోన్ తీశాడు. "బాగానే కొట్టుకుంటున్నారు బావా, కానీ ఎందుకు కొట్టుకుంటున్నారు?" అన్నాడు.

తప్పు వాడిది కాదు. ఆ మ్యాచ్ బరువంతా దానికి ముందు జరిగిన కథలో ఉంది. ఇద్దరూ ఒకే హైస్కూల్లో కుస్తీ నేర్చుకున్నారు. మిసావా ఒక ఏడాది సీనియర్. ఆల్ జపాన్‌లో చేరడంలోనూ ముందు అతనే, వెనక కవాదా. 1990 మే 14న టైగర్ మాస్క్ అనే ముసుగు పాత్రలో ఆడుతున్న మిసావా బరిలోనే ముసుగు తీసేయాలనుకున్నప్పుడు, ఆ ముడి విప్పింది అతని పార్ట్‌నర్ కవాదానే. ఆ తర్వాత నెల తిరక్కుండానే మిసావా ఆ సంస్థ పెద్ద స్టార్ జంబో త్సురుతాని ఓడించి పెద్దవాడైపోయాడు. 1992లో ట్రిపుల్ క్రౌన్ బెల్ట్ గెలిచాడు. దాని కోసం కవాదా 1992లో ఒకసారి, 1993లో ఒకసారి ఎదురు నిలిచి ఓడాడు. 1994 ఏప్రిల్‌లో ఆల్ జపాన్ టోర్నీ ఛాంపియన్ కార్నివాల్ గెలిచి మూడోసారి వచ్చాడు. ఇదంతా తెలిసినవాడికి కవాదా ముఖం మీద తన్నిన ప్రతి తన్నులో పన్నెండేళ్ల ఉక్రోషం కనిపిస్తుంది. తెలియనివాడికి అది తన్ను మాత్రమే.

అందుకే నా దృష్టిలో అసలు తూకం నక్షత్రాల లెక్కలో లేదు. మ్యాచ్‌లకి నక్షత్రాలు వేసే రెజ్లింగ్ విలేకరి డేవ్ మెల్ట్జర్ రెండింటికీ అయిదేసి ఇచ్చాడు, అక్కడ తేడా లేదు. మ్యాచ్ తన కథ తానే చెప్పుకుంటుందా, లేక పక్కన ఒకడు కూర్చుని చెప్పాలా? నాకు లెక్క అదే.

ఆ లెక్కలో 1995 జూన్ 9 ముందుంటుంది. అదే బుడోకాన్. వరల్డ్ ట్యాగ్ టైటిల్స్ కోసం మిసావా, కోబాషి కెంటా ఒక జట్టు. కవాదా, తావే అకిరా ఇంకో జట్టు. 42 నిమిషాలు దాటుతుంది, అంటే 1994 కంటే పొడుగే. అయినా విసుగు రాదు. ఎందుకంటే కోబాషి కాలికి కట్టుతో వస్తాడు. ఆ కాలిని చూడగానే అవతలి ఇద్దరూ ఏం చేస్తారో జపనీస్ రానివాడికి కూడా తెలిసిపోతుంది. దాని మీదే పడతారు. ఇక మిసావా ఒక్కడే ఇద్దరినీ కాచుకోవాలి, కాచుకుంటూ అలసిపోవాలి. నాలుగు ముఖాలు, నాలుగు రకాల తొందర.

చివర్లో ఒక దృశ్యం ఉంది. మిసావా నేల మీద పడిపోయి ఉంటాడు. నడవలేని కోబాషి వచ్చి, తిరిగి కొట్టే బలం లేక, తన ఒంటిని అతని మీద కప్పేస్తాడు. దెబ్బలు తను తింటాడు. పక్కకి లాగేస్తారు. ఆ తర్వాత కవాదా పవర్‌బాంబ్‌తో, అంటే పైకెత్తి వీపు మీద పడేసే దెబ్బతో, మిసావాని పడేసి భుజాలు నేలకి అదిమి మూడు లెక్కబెట్టిస్తాడు. మిసావాని కవాదా పిన్ చేయడం అదే మొదటిసారి. ఈ సంగతి తెలియకపోయినా నష్టం లేదు, హాలు పేలిపోయే తీరు చూస్తే ఏదో పెద్దదే జరిగిందని అర్థమవుతుంది. ఆల్ జపాన్ జనం అరుపులతో ఆగరు, కాళ్లతో నేలని దడదడలాడిస్తారు. ఈ రెండు మ్యాచ్‌లూ హెడ్‌ఫోన్స్ పెట్టుకునే చూడాలి.

1994కి నా దగ్గర ఇంకో చిక్కు ఉంది. అది మిసావా కవాదాకి వేసిన టైగర్ డ్రైవర్ 91తో ముగుస్తుంది. రెండు చేతులూ వెనక్కి బిగించేసి, ఆసరా లేకుండా మెడ మీద పడేసే దెబ్బ అది. అప్పట్లో చూసి చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. కానీ 2009 జూన్ 13న హిరోషిమాలో, ఒక ట్యాగ్ మ్యాచ్‌లో బ్యాక్ డ్రాప్ (వెనక నుంచి పట్టుకుని వెనక్కి విసిరేసే దెబ్బ) తిని మిసావా మళ్లీ లేవలేదు. వయసు 46. ఇలాంటి పడటాలు ఏళ్ల తరబడి తిన్న మెడ అది. అది తెలిశాక ఆ ముగింపుని ఎప్పటిలా చూడలేకపోతున్నాను. 1995లో మాత్రం పడటాలు లేవా అంటే ఉన్నాయి. కానీ ఆ మ్యాచ్ గుండెకాయ ఒక కాలు, ఒక స్నేహం.

ఒక విషయం మాత్రం ఒప్పుకోవాలి. కథంతా తెలిసినవాడికి 1994నే గొప్ప. ఇద్దరే ఉంటారు, తప్పించుకోడానికి పార్ట్‌నర్ చేతిని తాకే వీలుండదు. మిసావా మోచేతి దెబ్బలు అంత ఖచ్చితంగా పడే మ్యాచ్‌లు తక్కువే.

మిగతావి కూడా అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. 2017 జనవరి 4న టోక్యో డోమ్‌లో జరిగిన ఒకాదా, కెన్నీ ఒమేగా మ్యాచ్‌లో బొమ్మ శుభ్రంగా ఉంటుంది, నేటి వేగం ఉంటుంది. పాత వీడియోలు చూడలేనంటే అది పెట్టుకోండి. 1981లో టైగర్ మాస్క్ (మిసావా కాదు, అతనికి ముందు ఆ ముసుగు వేసినవాడు), డైనమైట్ కిడ్ ఆడింది పది నిమిషాల లోపే, టీ తాగుతూ అయిపోతుంది. 1976లో రెజ్లర్ ఇనోకి, బాక్సర్ మహమ్మద్ అలీ మ్యాచ్ మాత్రం వద్దు. పదిహేను రౌండ్లలో ఎక్కువ సేపు ఇనోకి వెల్లకిలా పడుకుని అలీ కాళ్లు తన్నడమే.

మా బావమరిదికి ఉగాదికి 1995 పెట్టాను. సగంలో "ఆ కట్టు ఉన్నోడిని ఎందుకు దింపారు బావా?" అని నా మీదే అరిచాడు. అయిపోయాక కవాదా సంగతులు అడిగాడు, హైస్కూల్ దగ్గర్నుంచి మొదలుపెట్టాను. 1994 వాడే అడిగి పెట్టించుకున్నాడు.