వియన్నాలో పెళ్ళిభోజనం చూసొచ్చాం

మూడు రాత్రులకి 312 యూరోలని ఆన్‌లైన్‌లో అపార్ట్‌మెంట్ బుక్ చేశాను. దిగాక క్లీనింగ్‌కి ఇంకో 65 కావాలన్నాడు ఓనరు, అదీ క్యాష్‌గానే. లిఫ్ట్ ఉందని రాశాడు, నిజంగానే ఉంది, కాకపోతే దానికి తాళం. తాళంచెవి అడిగితే సొంత ఫ్లాట్ల వాళ్ళకే ఇస్తారట! మోకాళ్ళ నొప్పులతో అమ్మ నాలుగు అంతస్తులు ఎక్కి, "ఊరు చూపించడానికి తెచ్చావా, చంపడానికా" అని ఒక్క మాట అని ఊరుకుంది, మర్నాడంతా నాతో మాటల్లేవు. రివ్యూలు చదవలేదని మా ఆవిడ మాత్రం ఆపకుండా మాట్లాడుతూనే ఉంది. మీరైతే లిఫ్ట్ సంగతి ముందే మెసేజ్ పెట్టి అడగండి.

షోన్‌బ్రున్ ప్యాలెస్ బాగుంది. మేం వెళ్ళినప్పుడు 72 గంటల ట్రాన్స్‌పోర్ట్ పాస్ 17.10 యూరోలుండేది, అదే తీసుకున్నాం.

గురువారం సాయంత్రం కున్‌స్ట్‌హిస్టోరిషెస్ అనే ఆర్ట్ మ్యూజియంకి వెళ్ళాం, ఆ రోజు రాత్రి 9 దాకా ఉంటుంది. మేం వెళ్ళిన 2024లో టికెట్ 21 యూరోలు, 19 ఏళ్ళ లోపు వాళ్ళకి ఫ్రీ. పదహారో శతాబ్దపు చిత్రకారుడు పీటర్ బ్రూగెల్ వేసిన బొమ్మలు 12 ఉన్నాయి, ఇన్ని ఇంకెక్కడా లేవు. అమ్మ సోఫాలో కూలబడింది, ఎదురుగా ఆయన 1567 ప్రాంతంలో వేసిన 'రైతు పెళ్ళి' బొమ్మ.

"తలుపు ఊడదీసి దానిమీద జావ పళ్ళేలు మోసుకొస్తున్నారేంట్రా" అంది. మాట్లాడింది! పెళ్ళికూతురు ఏదంటే చూపించాను, వెనక ఆకుపచ్చ గుడ్డ, పైన కాగితం కిరీటం, చేతులు కట్టుకుని ఏమీ తినకుండా కూర్చుంది. పెళ్ళికొడుకు ఎవరో పండితులే తేల్చలేదు. బ్యాగ్‌పైప్ వాయించేవాడు వాయింపు ఆపి పళ్ళేల వంకే చూస్తున్నాడు. "మేళగాళ్ళకి ఎక్కడైనా ఆఖరి బంతే" అంది అమ్మ. కింద నెమలి ఈకున్న పెద్ద టోపీ పిల్లాడు గిన్నె నాకుతున్నాడు, వాడు తెగ నచ్చాడు. పళ్ళేలు మోసేవాళ్ళ దగ్గర ఒక పాదం ఎక్కువుంటుంది, మా ఆవిడ రెండుసార్లు లెక్కపెట్టి ఒప్పుకుంది.

బ్రూగెల్ రైతు వేషం వేసుకుని, చుట్టాన్నని చెప్పుకుని, కానుకలతో సహా పిలవని పెళ్ళిళ్ళకి వెళ్ళేవాడని చిత్రకారుల జీవితచరిత్రలు రాసిన వాన్ మాండర్ 1604లో రాశాడు. అది చెబితే అమ్మ, "పోన్లే, చదివింపులు చదివించే తిన్నాడు" అంది.

హడావుడిగా చూసేవాళ్ళయితే ఈ గదికి మాత్రం గంట ఉంచుకోండి, మేం గంటన్నర ఉన్నాం. రాత్రి ఆ మెట్లే మళ్ళీ ఎక్కుతూ మూడో అంతస్తులో ఆగి, రొప్పుతూ, "ఇంతకీ ఆ పాదం ఎవరిదంటావ్?" అంది అమ్మ.