షిల్లాంగ్‌లో కాదు, సోహ్రాలో దిగండి

మేఘాలయ వెళ్లేవాళ్లు చాలామంది షిల్లాంగ్‌లో గది తీసుకుని, రోజూ అక్కణ్నుంచే అన్నీ చూసి వద్దామనుకుంటారు. డిసెంబర్‌లో అది మహా కష్టం. సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది. మనం బడిలో చిరపుంజి అని చదువుకున్న సోహ్రా అక్కడికి యాభై కిలోమీటర్ల పైచిలుకే గానీ, షిల్లాంగ్ ట్రాఫిక్ దాటేసరికే సగం ఓపిక అయిపోతుంది.

షిల్లాంగ్‌కి రైలు లేదు. గౌహతి నుంచి దాదాపు 100 కిలోమీటర్లు రోడ్డు మీదే వెళ్లాలి. షేర్ సుమోలు చవక, కానీ నిండితే గానీ కదలవు. పెద్దవాళ్లు వెంట ఉంటే టాక్సీ మాట్లాడుకోండి. దారిలో ఉమియం సరస్సు దగ్గర ఆపాలని ముందే చెప్పి పెట్టుకోండి.

షిల్లాంగ్ నడిబొడ్డున పోలీస్ బజార్‌లో మేం దిగిన హోటల్‌లో గీజర్ ఉంది, వేడినీళ్లు లేవు. దుప్పట్లు చెమ్మ వాసన. సోహ్రాలో హోమ్‌స్టేకి మారాక ప్రాణం లేచొచ్చింది. ఇల్లు ఆ ఇంటావిడది. ఇక్కడి ఖాసీ తెగవాళ్లలో పుట్టింటి ఇల్లు చిన్నకూతురికే వస్తుంది, ఈవిడ చిన్నకూతురు. భర్తే ఇల్లరికం వచ్చాడు. గది అద్దె దగ్గర్నుంచి టాక్సీ బేరం దాకా అన్నీ ఆవిడే తేల్చింది. ఆయన మాకు టీ పెట్టి ఇచ్చాడు, అదీ బాగానే ఉంది.

ఆవిడ చెప్పిన మొదటి జాగ్రత్త: నీళ్లు చూసి వాడండి. 1860 ఆగస్టు నుంచి ఏడాదిలో 26 వేల మిల్లీమీటర్లకు పైగా వాన పడి రికార్డుకెక్కిన ఊరిది! కురిసిందంతా బంగ్లాదేశ్ మైదానాల్లోకి జారిపోతుంది. చలికాలంలో ఊటలు సన్నబడి బిందెలు బయటికొస్తాయి. నోహ్కలికై జలపాతం కూడా అప్పుడు సన్నటి ధారే.

సోహ్రా దగ్గర లోయలో ఉన్న నోంగ్రియాట్ ఊళ్లోని రెండంతస్తుల వేళ్ల వంతెన మాత్రం ఏ కాలమైనా చూడాల్సిందే. రబ్బరు మర్రి వేళ్లను తరాల తరబడి వాగు మీదుగా మళ్లించి పెంచారు. పైనున్న టిర్నా ఊరి నుంచి మూడు వేలకు పైగా మెట్లు. దిగేటప్పుడు హుషారుగానే ఉంటుంది, ఎక్కేటప్పుడు పిక్కలు పట్టేస్తాయి. వీలైతే రాత్రికి కిందే ఉండిపోండి, మామూలు గదులు దొరుకుతాయి. మోకాళ్ల నొప్పులుంటే మావ్లిన్నాంగ్ దగ్గర రివాయ్ వంతెన చూడండి, నాలుగడుగులే. ఆసియాలోకెల్లా శుభ్రమైన ఊరని పేరుపడ్డ మావ్లిన్నాంగ్ శుభ్రంగానే ఉంది, జనమే ఎక్కువ. బంగ్లాదేశ్ సరిహద్దులోని డాకీలో ఉమ్‌గోట్ నది నీళ్లు చలికాలంలో అద్దమే, వానాకాలంలో బురద.

తిండి సంగతి. జాదో అంటే పంది మాంసంతో వండిన అన్నం. తుంగ్‌తాప్ ఎండుచేపల పచ్చడి, మన కోస్తావాళ్లు మారు మాట్లాడకుండా తినేస్తారు. శాకాహారులకు షిల్లాంగ్‌లో ఫరవాలేదు, సోహ్రాలో పప్పు, అన్నం, మ్యాగీతో సర్దుకోవాలి.

ఆదివారం చర్చి రోజు, కొట్లు చాలావరకు మూసేస్తారు. ఆ రోజు ఊరు మారాలంటే శనివారమే టాక్సీ మాట్లాడుకోండి, చేతిలో నగదు ఉంచుకోండి.