సూపర్‌ఛార్జర్ ఉన్న బోటు ఇంజిన్‌లో స్టీల్ హెడ్ గ్యాస్కెట్: బాగా వాడాక రాస్తున్న సమీక్ష

సూపర్‌ఛార్జర్ (ఇంజిన్‌లోకి గాలిని బలంగా నెట్టే పంపు) ఉన్న పెట్రోల్ బోటు ఇంజిన్‌కి మల్టీ లేయర్ స్టీల్ హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాక్‌కీ, దాని మీది హెడ్‌కీ మధ్య సీలులా ఉండే స్టీలు రేకుల పొర), దాంతోపాటు మామూలు బోల్టుల స్థానంలో హెడ్ స్టడ్లు వేయించుకోవడం పెట్టిన డబ్బుకి తగిన పనే. 2023 డిసెంబర్‌లో వచ్చిన మిచాంగ్ తుఫాను తర్వాతి సీజన్ నుంచి మా బోటు ఈ సెట్‌తోనే నడుస్తోంది. అవర్ మీటర్ మీద రెండు వందల గంటలు ఎప్పుడో దాటాయి. కూలెంట్ తగ్గలేదు, ఆయిల్ రంగు మారలేదు, కంప్రెషన్ ఎనిమిది సిలిండర్లలోనూ దాదాపు ఒకేలా ఉంది. అయితే పాత గ్యాస్కెట్ తీసేసి ఇది పెట్టి ఊరుకుని ఉంటే ఈ మాట రాయగలిగేవాణ్ణి కాదు. పాతది ఎందుకు పోయిందో తేల్చుకోకుండా కొత్తది వేస్తే అది కూడా అదే దారిన పోతుంది, ఎంత ఖరీదైనదైనా సరే.

బోటు సంగతి క్లుప్తంగా. 5.7 లీటర్ల వీ8, కార్లలో ట్రక్కుల్లో లక్షల సంఖ్యలో వచ్చిన అమెరికన్ స్మాల్ బ్లాక్‌కి మెరైన్ రూపం. సూపర్‌ఛార్జర్ ఇంతకుముందు ఉన్న ఓనర్ బిగించింది, కానీ లోపల గ్యాస్కెట్, హెడ్ బోల్టులు మామూలు ఇంజిన్‌వే. చెన్నై దగ్గర సముద్రంలోనూ, అప్పుడప్పుడు ముట్టుకాడు బ్యాక్‌వాటర్‌లోనూ తిరుగుతుంది. కూలింగ్ సగం క్లోజ్డ్ సిస్టం, అంటే బ్లాక్‌లో, హెడ్లలో కూలెంట్ తిరుగుతుంది, పొగ బయటికి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డులు, వాటి తర్వాతి గొట్టాలైన రైజర్లలో నేరుగా సముద్రపు నీరు తిరుగుతుంది. ఈ వివరం గుర్తుంచుకోండి, కింద పనికొస్తుంది.

పాత గ్యాస్కెట్ పోయే ముందు చాలా మర్యాదగానే హెచ్చరించింది. ఐడిల్‌లో టెంపరేచర్ ముల్లు కదిలేది కాదు, మెల్లగా పోతున్నంతసేపూ అంతా బాగానే ఉండేది, 3500 ఆర్‌పీఎం దాటించి కాసేపు లాగితే మాత్రం ముల్లు పైకి పాకేది, థ్రాటిల్ తగ్గించగానే దిగిపోయేది. ఆ తర్వాత ఓవర్‌ఫ్లో బాటిల్ నిండిపోవడం, కూలెంట్ ఉండే హెడర్ ట్యాంకులో బుడగలు మొదలయ్యాయి. అక్కడితో ఆపేశాం. ఇలాంటప్పుడు ఇంకో రౌండ్ వేసి చూద్దాం అనే ఆలోచన వద్దు, ఒడ్డుకి తెచ్చేయండి.

ఇక్కడే చాలామంది డబ్బులు పోగొట్టుకుంటారు. కారులో సిలిండర్‌లోకి నీళ్ళొస్తే మొదటి అనుమానం హెడ్ గ్యాస్కెట్ మీదే. బోటులో అలా కాదు. ఉప్పు నీటికి ఎగ్జాస్ట్ మానిఫోల్డు, రైజర్ లోపలి నుంచి తుప్పు పట్టి చిల్లు పడితే ఆ నీరు ఎగ్జాస్ట్ వాల్వు గుండా నేరుగా సిలిండర్‌లోకే దిగుతుంది, లక్షణాలు చాలావరకు ఒకేలా ఉంటాయి. అందుకని హెడ్ విప్పమని ఎవరు చెప్పినా ముందు ప్లగ్గులు విప్పండి. అసలు నీళ్ళు చేరాయని అనుమానం ఉంటే ప్లగ్గులు తీయకుండా సెల్ఫ్ కొట్టనే కొట్టకండి, నీరు నలగదు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ప్లగ్గులు తీసి తిప్పితే బయటికి చిమ్మేది ఏమిటో చూడండి. మాలాంటి సగం క్లోజ్డ్ సిస్టంలో తేడా కంటికే తెలుస్తుంది: కూలెంట్ రంగు ఉంటే గ్యాస్కెట్టో, హెడ్ పగులో. రంగు లేని ఉప్పు నీరైతే దాదాపు ఖాయంగా రైజరో మానిఫోల్డో. మాకు ఐదో సిలిండర్ నుంచి పచ్చ రంగు వచ్చింది, ఆ ప్లగ్ పింగాణీ ఆవిరితో కడిగినట్టు తెల్లగా ఉంది, మిగతావన్నీ గోధుమ రంగు. కంప్రెషన్ గేజ్ పెడితే మూడు, ఐదు రెండూ 90 పీఎస్ఐ దగ్గర ఆగిపోయాయి, తక్కినవి 150 చుట్టుపక్కల. ఈ ఇంజిన్‌లో బేసి అంకెల సిలిండర్లు ఒకే వరసలో ఉంటాయి కాబట్టి మూడు, ఐదు పక్కపక్కవే. అలాంటివి రెండూ కలిసి పడిపోయాయంటే మధ్యలో గ్యాస్కెట్ తెగిందని అర్థం. హెడర్ ట్యాంకు మీద నీలం ద్రావణంతో చేసే పరీక్ష కూడా చేశాం, కూలెంట్‌లోకి కాలిన గ్యాస్ వస్తుంటే అది పసుపుకి తిరుగుతుంది. తిరిగింది.

ఇంకో మాట. సిలిండర్‌లోకి వచ్చింది ఉప్పు నీరే అయితే రిపేరు వచ్చే వారం చేసుకున్నా ఫర్వాలేదు గానీ, అదే రోజు నీరంతా వెళ్ళగొట్టి సిలిండర్లలో ఆయిల్ కొట్టి ఇంజిన్ తిప్పి ఉంచండి. తెల్లారేసరికి రింగులు పట్టేసిన ఇంజిన్లు చూశాను.

మూడు, ఐదు మధ్యే ఎందుకు? ఈ ఇంజిన్ హెడ్లలో నడిమి రెండు సిలిండర్ల ఎగ్జాస్ట్ వాల్వులు పక్కపక్కన ఉంటాయి, హెడ్‌లో అంతకంటే వేడి చోటు లేదు. దానికి బూస్ట్, అంటే సూపర్‌ఛార్జర్ అదనంగా ఇచ్చే గాలి పీడనం, తోడైంది. వాతావరణ పీడనం 14.7 పీఎస్ఐ, దాని మీద 6 పీఎస్ఐ బూస్ట్ ఇస్తే సిలిండర్‌లోకి దాదాపు 40 శాతం గాలి ఎక్కువ నెడుతున్నట్టు, పైగా నొక్కిన గాలి వేడెక్కుతుంది. కారు సూపర్‌ఛార్జర్ రోడ్డు మీద ఎప్పుడో ఓవర్‌టేక్ చేసేటప్పుడు కొన్ని సెకన్లు పూర్తి బూస్ట్ ఇస్తుంది. బోటు అలా కాదు, పూర్తి లోడుతో రోజంతా ఘాట్ రోడ్డు ఎక్కుతున్న లారీ లాంటిది. నిమిషాల తరబడి బూస్ట్‌లోనే ఉంటుంది. కారు ఫోరమ్‌లలో చదివి "ఆరు పీఎస్ఐకి స్టాక్ గ్యాస్కెట్ చాలు" అనేవాళ్ళ మాట బోటుకి పనికిరాదు, నేను గట్టిగా చెప్తున్నాను.

కాశిమేడు వైపు మెరైన్ ఇంజిన్లు చేసే నెల్లూరాయన ఒకరు హెడ్ ఎత్తగానే గ్యాస్కెట్ చేతిలో తిప్పి చూసి, "దీన్ని ఎందుకు సామీ తిడతారు, అది చెప్పాల్సింది చెప్పి పోయింది. పిస్టన్లు చూడండి" అన్నాడు. పిస్టన్ అంచుల మీద సన్నటి పొక్కులు, ప్లగ్ పింగాణీ మీద మెరిసే చుక్కలు. నాకింగ్, అంటే సిలిండర్‌లో మిశ్రమం అదుపు తప్పి తనంతట తానే పేలడం. ఇంజిన్ శబ్దంలో, బోటులో అది వినపడదు, కారులోలా టిక్‌టిక్ తెలియదు. నాకింగ్ ఒక్కో దెబ్బకి హెడ్ వెంట్రుకవాసి లేస్తుంది, సిలిండర్ చుట్టూ ఉండే గ్యాస్కెట్ ఫైర్ రింగ్ కొట్టుకుని కొట్టుకుని తెగిపోతుంది.

ఎందుకు నాక్ అయిందో వెతికితే ఒక్కటి కాదు, నాలుగు బయటపడ్డాయి. ప్రొపెల్లర్ పిచ్ (ఒక చుట్టుకి ముందుకి నెట్టే దూరం) ఎక్కువ, 21 అంగుళాలది. పూర్తి థ్రాటిల్‌లో 4200 దాటేది కాదు, మా ఇంజిన్ పుస్తకం ప్రకారం 4400 నుంచి 4800 మధ్య తిరగాలి. తక్కువ ఆర్‌పీఎంలో బరువు మోస్తూ బూస్ట్ తినడం కంటే గ్యాస్కెట్‌కి పెద్ద శత్రువు లేదు. 19కి మార్చాం, పిచ్ అంగుళం తగ్గితే 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుందనే లెక్క సరిగ్గా సరిపోయింది. రెండోది నొక్కిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్. అది సముద్రపు నీటితో చల్లబడుతుంది, విదేశీ చల్లటి సరస్సుల కోసం వేసిన లెక్కలు మన బంగాళాఖాతంలో నడవవు, ఇక్కడ నీరే 28, 30 డిగ్రీలు ఉంటుంది. మూడోది పెట్రోలు. అమెరికన్ మాన్యువల్‌లో 91 ఆక్టేన్ (పెట్రోలు నాకింగ్‌ని ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె) అని ఉంటే అది మన లెక్కలో 91 కాదు, వాళ్ళు లెక్కించే పద్ధతి వేరు. వాళ్ళ 91 మన లెక్కలో 95, 96 దగ్గరికి వస్తుంది. మన లెక్కలో 91 ఉన్న పెట్రోలు పోసి "పుస్తకంలో 91 అనే ఉంది కదా" అనుకుంటే ఇంజిన్ ప్రాణం మీదకి వస్తుంది. నాలుగోది ఇథనాల్. 20 శాతం కలిపిన పెట్రోలుకి అదే గాలికి ఇంధనం కొంచెం ఎక్కువ కావాలి, పాత సెట్టింగ్‌తో మిశ్రమం పల్చబడుతుంది, పల్చటి మిశ్రమం బూస్ట్‌లో మంట. పైగా ఇథనాల్ గాలిలో తేమ పీలుస్తుంది, ఈశాన్య రుతుపవనాల నెలల్లో బోటు కదలకుండా ఉంటే ట్యాంకు అడుగున నీరు విడిపోయి కూర్చుంటుంది.

కాబట్టి గ్యాస్కెట్ ఒక్కటి వేసి ముగించలేదు. సూపర్‌ఛార్జర్‌కి పెద్ద పుల్లీ వేసి బూస్ట్ తగ్గించాం, పీఎస్ఐకి ఒక డిగ్రీ చొప్పున స్పార్క్ టైమింగ్ వెనక్కి తెచ్చాం, మిశ్రమం చిక్కబరిచాం, ఇన్‌టేక్ గాలికి టెంపరేచర్ మీటర్ పెట్టాం. టాప్ స్పీడ్ కొంచెం తగ్గింది. నాకు బాధ లేదు.

ఇక మెషినింగ్. స్టీల్ గ్యాస్కెట్ మీద వచ్చే చెడ్డ రివ్యూల్లో సగం ఇక్కడ పుట్టినవే అని నా నమ్మకం. మామూలు కాంపోజిట్ గ్యాస్కెట్ చిన్న గీతలు, గుంటలు నింపేసుకుంటుంది. స్టీలు రేకుల మీద ఉండే రబ్బరు పూత చాలా పల్చన, దానికి అద్దంలాంటి తలం కావాలి. 50 మైక్రో అంగుళాలకి మించిన గరుకుదనం పనికిరాదు, 30కి దగ్గరైతే మేలు. అంబత్తూరులో ఒక షాపులో రెండు హెడ్లూ ఫేసింగ్ చేయించాం, ఇంజిన్ బయటికి తీసి బ్లాక్ పైతలం కూడా చేయించాం. హెడ్ ఒక్కటి చేయించి బ్లాక్‌ని గ్రైండర్ డిస్కుతో రుద్దేద్దాం అనేవాళ్ళుంటారు, ఒప్పుకోకండి. ఆ డిస్కు గుంటలు చేస్తుంది, దాని పొడి బేరింగులను తింటుంది. ఈ బ్లాకులో హెడ్ బోల్టుల రంధ్రాలన్నీ నీటి గదిలోకే తెరుచుకుంటాయి, అందుకని ప్రతి స్టడ్ థ్రెడ్‌కీ సీలెంట్ తప్పనిసరి. ఒక్కటి వదిలేసినా కూలెంట్ థ్రెడ్ల వెంట పైకి పాకి ఆయిల్‌లో కలుస్తుంది, అప్పుడు కొత్త గ్యాస్కెట్ మీద నింద. టార్క్ విలువ స్టడ్ కిట్‌లోని కాగితంలో ఉన్నదే వాడండి, ఇంజిన్ మాన్యువల్‌లోని బోల్టు విలువ వాడకూడదు.

ఇప్పుడు నచ్చని విషయాలు. ధర, కొరియర్, కస్టమ్స్ కలిపితే మామూలు గ్యాస్కెట్‌కి ఎన్నో రెట్లు. ఒకసారి బిగించి విప్పితే మళ్ళీ వాడకూడదు. అన్నిటికంటే ముఖ్యమైనది, ఇది బలమైనది కాబట్టి నాకింగ్ వస్తే ఇది పోదు, దీని కింద ఉన్న పిస్టన్ పోతుంది. స్టాక్ పిస్టన్లు పోతపోసినవి, రింగుల మధ్య గట్టు విరిగితే ఇంజిన్ మొత్తం విప్పాలి. పాత గ్యాస్కెట్ తెగి పిస్టన్లను కాపాడింది, ఇది కాపాడదు. బూస్ట్ తగ్గించే ఉద్దేశం, మంచి పెట్రోలు పోసే ఉద్దేశం లేనివాళ్ళు దీన్ని కొనొద్దు, కాంపోజిట్‌తోనే ఉండండి.

రాగి గ్యాస్కెట్ సంగతి అడిగేవాళ్ళకి: రేసు బోట్లకి సరే, తరచూ విప్పుతారు. సంవత్సరాలపాటు కూలెంట్ ఆపాలంటే మాత్రం దాన్ని సిఫారసు చేయను.

మెయింటెనెన్స్‌లో సముద్రపు పంపు రబ్బరు ఇంపెల్లర్ ఏడాదికోసారి మారుస్తున్నాం, బాగున్నా సరే. ముట్టుకాడులో వర్షాల తర్వాత స్ట్రెయినర్‌లో ప్లాస్టిక్ సంచులు, గుర్రపుడెక్క వేర్లు పట్టేస్తాయి, బయల్దేరే ముందు మూత తీసి చూడటం అలవాటు చేసుకోండి. ఒక్కసారి గట్టిగా ఓవర్‌హీట్ అయితే హెడ్ వంగుతుంది, వంగిన హెడ్ కింద ఏ గ్యాస్కెట్టూ నిలవదు.

ఆర్డర్ చేసేటప్పుడు మూడు విషయాలు చూసుకోండి. మా బోర్ 4 అంగుళాలు, గ్యాస్కెట్ రంధ్రం అంతకంటే పెద్దది ఉండాలి, లేదంటే అంచు మంటలోకి పొడుచుకొస్తుంది. రీబోర్ చేసిన బ్లాకైతే మళ్ళీ కొలవండి. మందం విషయంలో, నాకింగ్ తగ్గుతుందని మరీ మందంది తీసుకోవద్దు, పిస్టన్‌కీ హెడ్‌కీ మధ్య సందు పెరిగితే మిశ్రమం సరిగ్గా కలవక నాకింగ్ పెరగొచ్చు. మేము బిగించాక సుమారు మిల్లీమీటరు ఉండేది తీసుకున్నాం. రేకులు స్టెయిన్‌లెస్‌వేనా అని అమ్మేవాణ్ణి రాతపూర్వకంగా అడగండి, ముఖ్యంగా మీ బ్లాకులో నేరుగా సముద్రపు నీరు తిరుగుతుంటే.