జాగ్రత్త: ఒరిజినల్ అని చెప్పి అంటగట్టిన ల్యాప్‌టాప్ బ్యాటరీ

ల్యాప్‌టాప్‌కి కొత్త బ్యాటరీ కొనబోతున్నవాళ్లు కొనేముందు ఇది చదవండి.

మా అమ్మాయి డిగ్రీ ఫైనలియర్. దాని ల్యాప్‌టాప్ కొని నాలుగేళ్లయింది, బ్యాటరీ నలభై నిమిషాలు కూడా రావట్లేదు. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో 5,400 అడిగారు. సికింద్రాబాద్‌లో ఒక షాపులో 2,600కే ఇస్తామన్నారు. "కంపెనీదే సార్, డబ్బా లేకుండా వస్తది, అందుకే ఈ రేటు" అన్నాడు. ఆరు నెలల వారంటీ అన్నాడు. బిల్లు కావాలంటే జీఎస్టీ అదనం అంటే, సరేలే అని తెల్ల చీటీ మీద రాయించుకుని వచ్చేశాను.

మూడు వారాలు బాగానే పనిచేసింది. తర్వాత 34 శాతం ఉందని చూపిస్తూనే ఠక్కున ఆగిపోవడం మొదలైంది. ఐదో వారంలో "నాన్నా, టచ్‌ప్యాడ్ నొక్కుకోవట్లేదు" అంది. తడిమి చూస్తే మధ్యలో ఉబ్బెత్తుగా తగిలింది. కింది మూత తీయిస్తే బ్యాటరీ పూరీలా పొంగి ఉంది. ఇలా కనబడితే ఛార్జింగ్ పెట్టకండి, గుచ్చకండి, నొక్కకండి. బ్యాటరీ లోపలుండే లిథియం సెల్ మండిందంటే ఆర్పడం కష్టం. అది మా పిల్ల ఒళ్లో పెట్టుకుని చదువుకున్న ల్యాప్‌టాప్. తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

పొంగిన చోట స్టిక్కర్ అంచు లేచింది. దాని కింద ఇంకో స్టిక్కర్ కనిపించింది. పాత బ్యాటరీ పారేయలేదు కాబట్టి రెండింటినీ వంటింటి త్రాసు మీద పెట్టాను. పాతది 221 గ్రాములు, ఇది 158. రెండింటి మీదా రాసిన వాట్ అవర్లు, అంటే ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే అంకె, ఒక్కటే. సెల్ అరిగిపోయినా బరువు తగ్గదు. లోపల సరుకే తక్కువ పెట్టారన్నమాట.

విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ, ఒక ఖాళీ, స్లాష్, బ్యాటరీరిపోర్ట్ అని కొడితే ఒక రిపోర్టు వస్తుంది. అందులో తయారీదారు పేరు, డిజైన్ కెపాసిటీ (కొత్తలో పట్టాల్సిన ఛార్జ్), ఫుల్ ఛార్జ్ కెపాసిటీ (ఇప్పుడు నిండుగా పట్టే ఛార్జ్), సైకిల్ కౌంట్ (ఎన్ని నిండు ఛార్జ్‌లంత వాడామో) ఉంటాయి. మాదాంట్లో ఐదు వారాల తర్వాత కూడా రెండు కెపాసిటీలూ అంకె తేడా లేకుండా ఒకటే, సైకిల్ కౌంట్ సున్నా. రోజూ వాడే బ్యాటరీకి అలా ఉండదు. బ్యాటరీ లోపలి చిప్‌లో ఏం రాసి పెడితే అదే చూపిస్తోంది.

ఇంకో మాట. ల్యాప్‌టాప్ కంపెనీలు చాలావరకు బ్యాటరీలు సొంతంగా చేసుకోవు. ఎల్‌జీ, శాంసంగ్ ఎస్‌డీఐ, ఏటీఎల్ లాంటివి సెల్స్ చేస్తాయి. సింప్లో, సన్‌వోడా లాంటివి ఆ సెల్స్‌ని కలిపి బ్యాటరీ ప్యాక్‌లు కడతాయి. ఒకే మోడల్‌కి ఇద్దరు ముగ్గురి ప్యాక్‌లు వస్తుంటాయి. కాబట్టి రిపోర్టులో పేరు మారినంత మాత్రాన టెన్షన్ పడకండి. పెద్ద పేరున్నవాళ్లూ తప్పు చేస్తారు. 2006లో సోనీ సెల్స్‌లో లోహపు నలకలు పడ్డాయని డెల్ 41 లక్షల బ్యాటరీలు వెనక్కి పిలిచింది. అయితే వాటి మీద ఎవరివో తెలిసేలా గుర్తులున్నాయి, ఉచితంగా మార్చి ఇచ్చారు. నేను కొన్నదానికి అడగడానికి మనిషే లేడు. షాపుకెళ్తే "పొంగితే వారంటీ రాదు సార్" అన్నారు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను గానీ, చీటీ మీద షాపు పేరు కూడా లేదు.

కొనేటప్పుడు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, దాని దగ్గర ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు వెతకండి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీదుందో తెలుస్తుంది. తయారీ తేదీ కూడా చూడండి, వాడకుండా ఉంచినా లిథియం సెల్ ఏళ్లు గడిచేకొద్దీ చచ్చిపోతుంది. బిల్లు మీద బ్యాటరీ సీరియల్ నంబరు రాయించుకోండి, రాయనంటే వచ్చేయండి.

చివరికి ఆ 5,400 కట్టి సర్వీస్ సెంటర్‌లోనే తెప్పించాను. బిగించేముందు అక్కడే తూచమన్నాను. 220 గ్రాములుంది.