కొనుగోళ్ల సాఫ్ట్‌వేర్: స్టోర్స్ వైపు నుంచి ఒక దీర్ఘకాల సమీక్ష

మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా రాజురా తాలూకాలో ఉన్న ఒక సిమెంటు కర్మాగారంలో స్టోర్స్ బాధ్యత చూస్తున్నాను. మేము వాడే కొనుగోళ్ల సాఫ్ట్‌వేర్‌లో నేను మనసారా మెచ్చుకునేది, ఇండెంటు (ఫలానా సరుకు కావాలనే కోరిక పత్రం) మెయింటెనెన్స్, స్టోర్స్, పర్చేజ్ విభాగాలకు ఒకే తెరపై కనిపించడం, దాని కిందే ఎవరి సందేహం వారు రాయగలగడం.

కన్వేయర్ పుల్లీ కోసం ఒకసారి 22220 స్ఫెరికల్ రోలర్ బేరింగుకు ఇండెంటు వచ్చింది. ఆ నంబరుతో దొరికేది 100 మిల్లీమీటర్ల స్ట్రెయిట్ బోర్ (అంతటా ఒకే వెడల్పున్న రంధ్రం) బేరింగు. మా షాఫ్టు 90 మిల్లీమీటర్లు కాబట్టి, అడాప్టర్ స్లీవుతో (షాఫ్టుకూ బేరింగుకూ మధ్య వచ్చే తొడుగు) బిగించే టేపర్ బోర్ (ఒకవైపుకు సన్నబడే రంధ్రం) 22220 కె కావాలి. కాగితం ఇండెంట్ల రోజుల్లో అయితే రాసిన నంబరునే కొనేవారు, ఫిట్టరు చేతికి వెళ్లేదాకా తేడా బయటపడేది కాదు, ఆపైన తప్పెవరిదంటూ విభాగాల మధ్య ఉత్తరాలు నడిచేవి. ఈసారి నిల్వ చూస్తుంటే దానికి సరిపోయే హెచ్ 320 స్లీవులు మా అరలోనే కనిపించాయి. ఏ రకం బేరింగో చెప్పమని ఇండెంటు కిందే అడిగాను. ఇంజినీరు డ్రాయింగు జతచేసి ‘కె’ చేర్చారు, పర్చేజ్ వారు అప్పటికింకా కొటేషన్లు పిలవలేదు. తెలుగు, మరాఠీ, హిందీ కలగలిసిన మా చోట ఫోన్లో చెప్పుకునే దానికన్నా ఈ రాత ఎంతో నమ్మకమైనది.

జాప్యం తీరిపోయిందని కొత్తలో అందరికీ చెప్పాను. ఆ మాట ఆర్డరు వెళ్లేవరకే వర్తిస్తుంది. సరుకు దిగాక క్వాలిటీ వారు తనిఖీ నివేదిక ఎక్కించేదాకా బిల్లు కదలదు. చెల్లింపు గడువును కూడా సాఫ్ట్‌వేర్ ఆ తేదీ నుంచే లెక్కిస్తుంది. చిన్న సరఫరాదారులకు సకాలంలో చెల్లింపు జరగాలనే 2006 నాటి ఎం.ఎస్.ఎం.ఈ.డి. చట్టం ప్రకారమైతే, 15 రోజుల్లోగా రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే సరుకు అందిన రోజే అంగీకరించిన రోజు; ఒప్పందం ఏదైనా, అక్కడి నుంచి 45 రోజులు దాటకూడదు. మాకు చ్యూట్లు (సరుకు జారే తొట్లు) చేసిచ్చే చిన్న వర్క్‌షాపు యజమాని పనివాళ్ల జీతాల కోసం మా గేటు దగ్గర నిలబడ్డ రోజున కూడా తెరపై గడువు మిగిలే ఉంది. అది నాకు చాలా బాధ కలిగించింది. చిన్న సంస్థలకు ఆ గడువు దాటి చెల్లిస్తే, చెల్లించిన ఏడాదిలోనే దాన్ని ఖర్చుగా చూపనిచ్చే ఆదాయపు పన్ను 43బి(హెచ్) నిబంధన వచ్చాక అకౌంట్స్ వారు గేటు ఎంట్రీ తేదీలను విడిగా రాసుకుంటున్నారు.

మా ఇంజినీర్లు అడిగిన రోజే జవాబిస్తారు కాబట్టి ఆ ఇండెంటు తెర మాకు అక్కరకొచ్చింది. దాన్ని వదులుకోవాలని నాకు లేదు. చిన్న సరఫరాదారుల మీద ఎక్కువగా ఆధారపడే యూనిట్లకు మాత్రం, గడువు లెక్క సరిచేసేదాకా దీన్ని సిఫారసు చేయలేను.